నీడ పట్టున పూల కుండీ: ఆంథూరియంపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆంథూరియం గురించే ఉన్నాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలా మెరిసే ఆ ఎర్ర పూరేకును చూసి ఇష్టపడి కొని తెచ్చుకున్నవారంతా తర్వాత ఒకే బాధ రాస్తున్నారు: కొన్నప్పుడు ఉన్న పూలే, ఆ తర్వాత లేవు. అందుకని ఈసారి మిగతా మొక్కలను పక్కన పెట్టి దీని మీదే కూర్చున్నాను. నీడ మొక్కలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. మా రాజమహేంద్రవరం ఇంటి ఉత్తరపు వరండాలో, సపోటా చెట్టు నీడ పడేచోట వరసగా పెంచుతున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ప్రశ్న: డిసెంబరులో ఐదు పూలున్న ఆంథూరియం కొన్నాను. నీడ మొక్క అన్నారని హాల్లో టీవీ పక్కన పెట్టాను. ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి, కొత్తవి కూడా వస్తున్నాయి. ఏప్రిల్ వచ్చినా ఒక్క పువ్వు లేదు. మా బాల్కనీ పడమర వైపు ఉంది, అక్కడ పెడితే మాడిపోతుందని భయం. పువ్వు రావాలంటే ఏ ఎరువు వేయాలి?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఎరువు సంచి ముట్టుకోకండి. మీ మొక్కకు ఆకలి లేదు, వెలుతురు చాలడం లేదు.

నర్సరీవారు నీడ మొక్క అని చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే నీడ అంటే ఎండ నేరుగా తగలనిచోటు అని అర్థం చేసుకోవాలి. గదిలో లోపలి మూల అంటే అది చీకటి. ఆంథూరియం పుట్టిల్లు కొలంబియా, ఈక్వడార్ దేశాల వానకారడవులు. అక్కడ పెద్ద చెట్ల బోదెలను పట్టుకుని, ఆకుల సందుల్లోంచి జారే వెలుగులో బతుకుతుంది. రోజంతా వెలుతురు ఉంటుంది, ఎండ మాత్రం ఉండదు. మీ టీవీ పక్కన అది దొరకదు.

ఈ మొక్కకు ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. మొక్క వయసుకు వచ్చాక ప్రతి ఆకు మొదట్లో ఒక పూమొగ్గ పుడుతుంది. ఒక ఆకు, దానితో ఒక పువ్వు. మళ్లీ ఒక ఆకు, ఒక పువ్వు. అంటే కొత్త ఆకులు వస్తున్న మీ మొక్కలో మొగ్గలు కూడా పుడుతూనే ఉండాలి. రేపు ఉదయం కొత్త ఆకు కాడను కొంచెం పక్కకు వంచి, అది కాండానికి అతుక్కున్నచోట చూడండి. పల్చటి కాగితంలాంటి చిన్న తొడుగు కనిపిస్తుంది. దాని లోపల బియ్యపు గింజంత మొగ్గ గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉంటే, వెలుతురు చాలక మొక్క దాన్ని వదులుకుందని అర్థం. ఆకును పోషించుకోవడానికే శక్తి సరిపోనప్పుడు మొక్క మొదట తగ్గించుకునే ఖర్చు పువ్వే.

వెలుతురు ఎంత ఉందో కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం మొక్క ఉన్నచోట ఒక తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున అరచేయి చాపండి. వేళ్ల నీడ గీత గీసినట్టు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ. వేళ్లు వేరువేరుగా తెలుస్తూ, అంచులు మసకగా ఉంటే సరిపోతుంది. నీడే పడకపోతే ఆంథూరియం అక్కడ బతుకుతుంది గానీ పూయదు.

పడమర బాల్కనీ అన్నారు. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఆ వైపు మధ్యాహ్నపు ఎండను ఈ మొక్క తట్టుకోలేదు. 35 డిగ్రీలు దాటితేనే ఆకులు వెలవెలబోయి, అంచులు కాలడం మొదలవుతుంది. మీ దగ్గర 40 దాటడం మామూలే. కాబట్టి ఎండాకాలంలో తూర్పు లేదా ఉత్తరం కిటికీకి మూడు నాలుగు అడుగుల లోపల పెట్టండి. అలాంటి కిటికీ లేకపోతే బాల్కనీకి 75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టి, కుండీని గోడ వారగా, పెద్ద మొక్కల వెనుక ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగిలేచోటు మాత్రం వద్దు. మృగశిర కార్తె వచ్చి వానలు పడ్డాక బాల్కనీలో ధైర్యంగా ఉంచవచ్చు.

ఇంకో మాట. ఇన్నాళ్లూ మసక వెలుతురులో ఉన్న మొక్కను ఒక్కసారిగా వెలుగులోకి తెస్తే ఆకులు పాలిపోతాయి. పది రోజుల పాటు రోజుకు కొంచెం చొప్పున కిటికీ వైపు జరపండి. ఇప్పటికే ఎండిన మొగ్గలు మళ్లీ రావు. ఇకపై వచ్చే ఆకులతో పాటే పూలు వస్తాయి, దానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఓపిక పట్టండి.

ప్రశ్న: మా ఆంథూరియం పూలు ఎరుపు పోయి మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. మధ్యలో ఉన్న కాడ మీద ముందు తేనెలాంటి చుక్కలు కనిపించాయి, తర్వాత తెల్లటి పొడి రాలింది. ఇది తెగులా? మందు కొట్టాలా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: తెగులు కాదు, దయచేసి మందు కొట్టకండి. మీరు చాలా శ్రద్ధగా గమనించారు, అందుకు సంతోషం. చాలామంది ఏళ్ల తరబడి పెంచుతూ కూడా ఆ చుక్కలను చూడరు.

మనం పువ్వు అంటున్న ఆ ఎర్రటి భాగం నిజానికి రంగు మారిన ఆకు. అసలు పూలు మధ్యలో నిలబడిన కాడ మీద, వందల సంఖ్యలో, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. భూతద్దం ఉంటే చూడండి, ఒక్కొక్కటీ చిన్న గడిలా కనిపిస్తుంది. ప్రతి పువ్వూ ముందు ఆడ దశలో ఉంటుంది. అప్పుడు పుప్పొడి అంటుకునే కొన, అంటే కీలాగ్రం, తడిసి మెరుస్తుంది. మీరు చూసిన చుక్కలు అవే. కొన్ని రోజులకు ఆ తడి ఆరిపోయి, తర్వాత అదే పువ్వు మగ దశకు వచ్చి పుప్పొడి రాలుస్తుంది. మీరు చూసిన పొడి అది. ఈ మార్పు కాడ అడుగు నుంచి పైకి పాకుతుంది. ఒక్క పువ్వులోనే రెండు దశలూ వేరువేరు సమయాల్లో రావడం వల్ల సొంత పుప్పొడితో గర్భం ధరించడం తగ్గుతుంది.

ఇక ఆకుపచ్చకు తిరగడం వయసు మళ్లడమే. పని అయిపోయిన పూరేకు మళ్లీ ఆకు రంగు పులుముకుంటుంది. మొక్క మీద పువ్వు వారాల తరబడి, బాగుంటే రెండు నెలలకు పైగా తాజాగా ఉంటుంది. ఆ తర్వాత రంగు మారితే పువ్వును మోసే తొడిమను మొదలు దాకా కోసేయండి. పుప్పొడితో దుస్తులకు మరక అంటుతుందని భయపడేవారు పొడి రాలే మధ్య కాడను మాత్రం తుంచేసినా ఎరుపు నిలుస్తుంది.

ఎర్ర పూరేకు మధ్యలో కాలినట్టు మచ్చలు వచ్చి రంగు చెడిపోతే అది వేరే సంగతి. కాల్షియం తక్కువైనప్పుడు అలా జరుగుతుంది. కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము కలిపి నెలకోసారి పోయండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు పొడిని అదే నీటిలో కలపకూడదు, ఒకదానికొకటి పడవు. వారం ఎడం ఇవ్వండి.

ప్రశ్న: నర్సరీ కుండీ చిన్నదని, ఆంథూరియంను పెద్ద సిమెంటు కుండీలోకి మార్చాను. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపాను. గులాబీలు అదే మిశ్రమంలో విరగబూస్తున్నాయి. ఇది మాత్రం నెలలోనే ఆకులు పసుపు పడి వాలిపోయింది. ఆకుల చివర్లు కూడా మాడాయి. మాది బోరు నీరు, కుండీ అంచుల్లో తెల్లటి పొర కడుతుంది.
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ఈ ఉత్తరంలో రెండు సమస్యలు ఉన్నాయి, రెండూ వేళ్లవే.

గులాబీ నేలలో పుట్టిన మొక్క. ఆంథూరియం చెట్టు బెరడు మీద పుట్టింది. దాని వేళ్లు లావుగా ఉంటాయి, పైన తెల్లటి మెత్తని పొర ఉంటుంది. గాలిలోని తేమను, బెరడు మీద జారే వాన నీటిని ఆ పొర పీల్చుకుంటుంది. అలాంటి వేరును తడి ఎర్రమట్టిలో పాతిపెడితే ఊపిరాడక కుళ్లిపోతుంది. పైన ఆకు పసుపు పడేసరికి కింద సగం వేళ్లు పోయి ఉంటాయి.

ఈరోజే కుండీలోంచి తీయండి. మట్టి అంతా నీళ్లతో కడగండి. వేళ్లను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడండి. గట్టిగా, తెల్లగా ఉన్నది మంచి వేరు. నల్లబడి మెత్తగా పై పొర ఊడివస్తున్నదాన్ని పదునైన కత్తెరతో కోసేయండి. కోసిన చోట్ల దాల్చినచెక్క పొడి అద్దితే త్వరగా ఆరుతుంది.

మళ్లీ నాటడానికి మట్టే వద్దు. నేను వాడేది ఇది: అంగుళం ముక్కలుగా కోసిన కొబ్బరి డొక్కలు రెండు పాళ్లు, కట్టెబొగ్గు ఒక పాలు, పెంకు లేదా ఇటుక ముక్కలు ఒక పాలు, పైన రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు. కొబ్బరి డొక్కల్ని వారం రోజులు నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. వాటిలోని ఉప్పు, గోధుమరంగు కషాయం పోవాలి. ఈ పని చేయకుండా నాటితే మళ్లీ ఆకుల చివర్లు మాడతాయి. కుండీ మట్టిదైతే మేలు, వేర్ల ముద్దకు రెండంగుళాలు మాత్రమే ఎడం ఉండాలి. సిమెంటు కుండీ సున్నం వదులుతుంది. కొంచెం పులుపు లక్షణం, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, కోరుకునే ఈ మొక్కకు అది పడదు.

ఇక నీళ్లు. మీరు చెప్పిన తెల్లటి పొర ఉప్పు. ఉప్పులకు, ముఖ్యంగా క్లోరైడ్లకు ఈ మొక్క తట్టుకోలేదు. ఆకు చివర్లు మాడటం అందువల్లే. వానాకాలంలో డాబా నీటిని డ్రమ్ములో పట్టి ఈ మొక్కలకు దాచుకోండి. మిగతా రోజుల్లో తాగడానికి శుద్ధి చేసిన నీరు ఒక చెంబు చాలు. బోరు నీరే గతి అయితే నెలకోసారి మంచినీటిని కుండీ అడుగు నుంచి ధారగా కారిపోయేదాకా పోసి ఉప్పును కడిగేయండి. పై పొర ఎండినట్టు కనిపించాకే నీళ్లు పోయాలి. కరీంనగర్ ఎండల్లో ఈ మిశ్రమానికి రోజూ కావాలి, వానాకాలంలో వారానికి రెండుసార్లు చాలు.

ప్రశ్న: ఆకు అంచుల్లో ముందు నీరు నానినట్టు చుక్కలు కనిపించాయి. ఇప్పుడు అవి నల్లబడి చుట్టూ పసుపు వలయాలు ఏర్పడ్డాయి. పక్క కుండీలోని ఆగ్లోనిమాకు కూడా అలాగే వస్తోంది. పది కుండీలు ఉన్నాయి, ఎలా కాపాడుకోవాలి?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలన్నీ బాక్టీరియా ఆకుమాడు తెగులును పోలి ఉన్నాయి. దీన్ని కలిగించేది జాంతోమొనాస్ జాతి సూక్ష్మజీవి. 1980ల్లో హవాయి దీవుల్లో వ్యాపారానికి పెంచుతున్న ఆంథూరియం తోటలను ఇది తుడిచిపెట్టినంత పని చేసింది. తేలిగ్గా తీసుకోవద్దు.

తెల్లవారుజామున ఆకు అంచుల్లో చిన్న నీటి బొట్లు చూసే ఉంటారు. అవి మంచు కాదు, ఆకు తనలోని నీటిని అంచు రంధ్రాల ద్వారా బయటికి వదిలినవి. సూక్ష్మజీవి ఆ బొట్టులో ఈది అదే రంధ్రంలోంచి లోపలికి వెళుతుంది. అందుకే మచ్చ అంచునే మొదలవుతుంది. విశాఖలాంటి తడి గాలి ఊళ్లలో ఆ బొట్లు ఆరడానికి ఆలస్యమవుతుంది, దానికి ఇంకా వీలు.

మచ్చలు ఒకటి రెండు ఆకులకే ఉంటే వాటిని కాడతో సహా కోసి కాల్చేయండి. ఆకు కాడ మొదట్లోనూ పసుపు, నలుపు కనిపిస్తే తెగులు కాండంలోకి దిగింది. ఆ మొక్కను కుండీలోని మిశ్రమంతో పాటు పారేయండి. మనసుకు కష్టమే, కానీ మిగిలిన వాటిని కాపాడాలంటే తప్పదు. ఒక కోతకు, మరో కోతకు మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. ఆకుల మీద నీళ్లు చల్లడం పూర్తిగా మానేసి మొదట్లోనే పోయండి. ఆగ్లోనిమా, డిఫెన్‌బాకియా, సింగోనియం అన్నీ చేమ కుటుంబానివే కాబట్టి ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. వాటిని దూరం జరపండి.

ప్రశ్న: మా పెరట్లో పెద్ద వేపచెట్టు ఉంది. కింద ఏదీ బతకడం లేదు. అక్కడ నేలలో ఆంథూరియం వరస వేద్దామనుకుంటున్నాను.
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: వద్దండీ. అనంతపురం గాలిలో తేమ ఎండాకాలంలో ఈ మొక్కకు ఏమాత్రం చాలదు. దీనికి 70 శాతానికి తగ్గని తేమ కావాలి. పైగా వేప వేళ్లు పైపైనే పరుచుకుని నీళ్లన్నీ లాగేస్తాయి. అక్కడ పాము మొక్కగా అందరూ పిలిచే సాన్సెవేరియా వేయండి. నీడకూ కరువుకూ తట్టుకుంటుంది, నిలువుగా పెరిగి వరస అందంగా కనిపిస్తుంది. ఆంథూరియం మీద మనసు పడితే ఇంట్లో ఒక్క కుండీతో మొదలు పెట్టండి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరిచి, నీళ్లు పోసి, రాళ్ల మీద కుండీ ఉంచితే చుట్టూ కొంచెం తేమ నిలుస్తుంది. నీళ్లు కుండీ అడుగును తాకకూడదు.

ప్రశ్న: న్యూజెర్సీలో మా ఇంటి వెనుక, చెట్ల నీడలో హోస్టా మొక్కలు పెంచుతున్నాను. ఆకులు అంత అందంగా ఉండే నీడ మొక్కను మరొకటి చూడలేదు. విజయవాడలో అమ్మ కోసం ఈ వేసవిలో రెండు దుంపలు తేవాలనుకుంటున్నాను.
(ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: మీ ప్రేమ అర్థమైంది, అయినా తేవద్దనే చెబుతాను. హోస్టా జపాన్, కొరియా, చైనా ప్రాంతాల మొక్క. శీతకాలంలో ఆకులన్నీ రాలిపోయి, కొన్ని వారాల పాటు చలిలో నిద్రపోతేనే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. న్యూజెర్సీ చలి దానికి సరిగ్గా సరిపోయింది. విజయవాడ జనవరి రాత్రులు ఆ నిద్రకు చాలవు. మొదటి ఏడాది ఆకులు రావచ్చు, ఆ తర్వాత ఏటేటా చిక్కి పోతుంది. మరో అడ్డంకి కూడా ఉంది. మన దేశంలోకి మొక్కలు, దుంపలు తేవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. సూట్‌కేసులో చుట్టుకొచ్చే వస్తువు కాదు.

మీ అమ్మగారికి కలేడియం కొనిపెట్టండి. ఎరుపు, తెలుపు, గులాబి రంగుల ఈనెలతో, హృదయాకారంలో ఉండే ఆకులు. వేపచెట్టు నీడా, ఉత్తరపు అరుగూ దానికి ఇష్టం. కడియపులంక నర్సరీల్లో వానాకాలంలో తేలిగ్గా దొరుకుతుంది. డిసెంబరు వచ్చేసరికి ఆకులు వాలిపోయి కుండీ ఖాళీ అవుతుంది. చచ్చిపోయిందని పారేయవద్దని అమ్మగారికి ముందే చెప్పండి. దుంప లోపల నిద్రపోతోంది. నీళ్లు ఆపేసి, కుండీని తడి తగలని మూల పెడితే వేసవి చివర్లో మళ్లీ చిగురిస్తుంది.

మీకూ అదే పెంచుకునే వీలుంది. అమెరికాలో దొరికే కలేడియం దుంపల్లో చాలావరకు ఫ్లోరిడాలోని లేక్ ప్లాసిడ్ చుట్టుపక్కల పొలాల్లో పండేవే. మీ దగ్గర మంచు భయం పోయాక, మే చివర్లో నాటండి. అక్టోబరులో తవ్వి ఇంట్లో పొడిగా దాచండి. ఆ నాలుగు నెలలూ మీ ఇంట్లో, అమ్మ ఇంట్లో ఒకే మొక్క ఆకులు వేస్తూ ఉంటుంది.

ప్రశ్న: మా రెండేళ్ల బాబు ఆంథూరియం ఆకు కొరికాడు. ఏడ్చి గోల పెట్టి, కాసేపటికి తగ్గింది. మొక్కను తీసేయాలా?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఈ మొక్క ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. పచ్చి చేమదుంప కోసినప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణం కూడా ఇవే. నోరు, నాలుక మంట పుట్టి, వాస్తాయి. నోరు కడిగించి, చల్లటి నీళ్లు లేదా పాలు ఇవ్వాలి. పెదవులు, గొంతు వాచినా, మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొక్కను పారేయక్కర్లేదు, బాబు పెద్దయ్యేదాకా అందని ఎత్తుకు మార్చండి. పిల్లి, కుక్క ఉన్న ఇళ్లకూ ఇదే మాట.

ప్రశ్న: మా ఆంథూరియం వయసు చాలా ఏళ్లు. అడుగు ఆకులన్నీ రాలిపోయి, కాండం కుండీ మీద అడుగున్నర ఎత్తు పెరిగింది. పైన మాత్రమే నాలుగు ఆకులు, ఒక చిన్న పువ్వు. కాండం మీద గాలిలో వేళ్లు వేలాడుతున్నాయి. వాటిని కోసేయాలా?
(ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: ఆ వేళ్లే మీ మొక్కకు రెండో జన్మ, కోయకండి. ఆంథూరియం ఏటా కొత్త ఆకులు పైన వేస్తూ, పాతవి కింద వదిలేస్తూ ఎక్కిపోవడమే దాని స్వభావం. అడవిలో చెట్టును పట్టుకుని ఎక్కుతుంది. మన కుండీలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

కాండం మీద వేళ్లున్నచోట తడిపిన కొబ్బరిపీచును పిడికెడు మందాన చుట్టి, సన్నని దారంతో కట్టండి. రోజూ తడపండి. నెల నెలన్నరలో వేళ్లు పీచును పట్టుకుంటాయి. అప్పుడు ఆ పీచు ముద్దకు రెండంగుళాల కింద, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో ఒకే కోతగా కోసి, పీచుతో సహా కొత్త కుండీలో నాటండి. మిశ్రమం పైన కరీంనగర్ జవాబులో చెప్పినదే. పది రోజులు నీడలో, గాలి వీయనిచోట ఉంచండి.

పాత మోడును పారేయవద్దు. దాన్ని అదే కుండీలో ఉంచి, తేమ ఆరకుండా చూస్తే కణుపుల దగ్గర పిలకలు వస్తాయి. ప్రతి పిలకకు రెండు మూడు ఆకులు, సొంత వేళ్లు వచ్చాక విడదీయండి. ఈ పనికి వానాకాలం ఆరంభం అన్నిటికన్నా మంచి అదను. కోనసీమ గాలిలో జూన్, జూలై నెలల్లో దీనికి కావలసిన తేమంతా ఉంటుంది. ఈ నెలాఖరుకే పీచు కట్టేస్తే వానలు కుదురుకునే సమయానికి మీ మొక్క కోతకు సిద్ధంగా ఉంటుంది.